అయాను జనకం

అయాను జనకం అనునది ఆవేశం లేని పరమాణువులను, అణువులను విద్యుదావేశం గల అయానులుగా మార్చి, వాటిని సన్నని పుంజంగా వెలుపలికి పంపే సాధనం. ప్రోటానులను, హీలియం, కార్బన్, సీసం వంటి మూలకాల అయానులను అత్యధిక వేగానికి చేర్చే కణ త్వరణ యంత్రాలన్నిటిలోనూ మొదటి భాగం ఇదే. సైక్లోట్రాన్, సింక్రోట్రాన్, సరళ త్వరణ యంత్రం మొదలైనవి ఎంత పెద్దవైనా, అయాను జనకం నుండి వచ్చిన కణాలకు మాత్రమే అవి శక్తిని ఇవ్వగలవు. చెరువు ఎంత నిండుగా ఉన్నా పొలానికి పారే నీరు తూము విడిచినంతే గదా! అట్లే యంత్రం చివర లభించే పుంజం ఎంత, ఎటువంటిది అన్నది చాలావరకు అయాను జనకం దగ్గరే నిర్ణయమవుతుంది. వైద్యశాలలలో అమర్చే చిన్న యంత్రాల విషయంలో ఇది మరింత నిజం. యంత్రం చిన్నదైన కొద్దీ జనకం కూడా చిన్నది కావాలి. కాని దాని నుండి ఆశించే పుంజం మాత్రం తగ్గదు.

ఆవశ్యకత

విద్యుత్ క్షేత్రం ఆవేశం గల కణాన్నే త్వరితం చేయగలదు; అయస్కాంత క్షేత్రం ఆవేశం గల కణాన్నే వంచగలదు. సాధారణ పరమాణువులో ప్రోటానుల సంఖ్య, ఎలక్ట్రానుల సంఖ్య సమానం కనుక దాని నికర ఆవేశం సున్న. అందుచేత త్వరణానికి ముందు పరమాణువు నుండి ఒకటి లేక ఎక్కువ ఎలక్ట్రానులను తొలగించి ధన అయానుగా గాని, అదనంగా ఒక ఎలక్ట్రానును చేర్చి ఋణ అయానుగా గాని మార్చాలి.

పని చేసే విధానం

అయాను జనకంలో మూడు పనులు జరుగుతాయి: అయనీకరణం, ప్లాస్మాను నిలిపి ఉంచడం, అయానులను వెలికితీయడం.

అయనీకరణం: అత్యధిక జనకాలలో వేగంగా కదిలే ఎలక్ట్రానులతో వాయు పరమాణువులను ఢీకొట్టించి అయానులను తయారుచేస్తారు. హైడ్రోజన్ పరమాణువు నుండి ఎలక్ట్రానును తొలగించడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అయితే ఢీకొనే ఎలక్ట్రానుకు సరిగా అంతే శక్తి ఉంటే అయనీకరణం జరిగే అవకాశం చాలా తక్కువ. అది 70 నుండి 100 ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపులలో అత్యధికంగా ఉంటుంది.

ప్లాస్మాను నిలిపి ఉంచడం: ధన అయానులు, ఎలక్ట్రానులు కలిసి ఉన్న ఈ వాయుస్థితిని ప్లాస్మా అంటారు. ఎలక్ట్రానులు వెంటనే గోడలను తాకి నశించకుండా చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని ఏర్పరుస్తారు. క్షేత్రంలో ఎలక్ట్రానులు మెలికలు తిరుగుతూ ఎక్కువ దూరం ప్రయాణించి, ఎక్కువ పరమాణువులను ఢీకొంటాయి. దీనివల్ల తక్కువ వాయువుతోనే ఎక్కువ అయానులు లభిస్తాయి.

వెలికితీత: ప్లాస్మా గదికి ఒక చిన్న రంధ్రం లేక సన్నని చీలిక ఉంటుంది. దాని ఎదుట ఉన్న ఎలక్ట్రోడుకు అధిక వోల్టేజి ఇచ్చి అయానులను లాగుతారు. ఒకే ఆవేశం గల అయానులు పరస్పరం వికర్షించుకొంటాయి కనుక లాగగలిగిన విద్యుత్ ప్రవాహానికి ఒక హద్దు ఉన్నది. చైల్డ్ 1911లోను, లాంగ్‌మ్యూర్ 1913లోను కనుగొన్న సూత్రం ప్రకారం ఈ హద్దు వోల్టేజి యొక్క ఒకటిన్నర ఘాతానికి అనులోమానుపాతంలోను, ఎలక్ట్రోడుల మధ్య దూరపు వర్గానికి విలోమానుపాతంలోను ఉంటుంది. అనగా వోల్టేజిని రెట్టింపు చేస్తే ప్రవాహపు హద్దు సుమారు 2.8 రెట్లు అవుతుంది.

పుంజం నాణ్యత

అయాను జనకాన్ని అంచనా వేయడానికి ఎన్ని మిల్లీ ఆంపియర్లు ఇచ్చింది అన్నది ఒక్కటే చాలదు. పుంజం ఎంత వెడల్పుగా ఉంది, అందులోని కణాలు ఎంత కోణంలో చెదిరి పోతున్నాయి అన్న రెండింటినీ కలిపి చెప్పే కొలతను ఎమిటెన్సు అంటారు. కటకాల వంటి అయస్కాంతాలతో పుంజాన్ని సన్నగా చేయవచ్చును గాని, అప్పుడు కోణపు చెదురు పెరుగుతుంది. కోణాన్ని తగ్గిస్తే వెడల్పు పెరుగుతుంది. లియూవిల్ సిద్ధాంతం ప్రకారం ఈ రెండింటి లబ్ధాన్ని సాధారణ కటకాలతో తగ్గించడం సాధ్యం కాదు. జనకం దగ్గర చెదిరిన పుంజం చెదిరినట్లే ముందుకు పోయి, దారిలో యంత్రపు గోడలను తాకి కొంత నష్టపోతుంది. అట్లా తాకిన చోట లోహం రేడియోధార్మికతను సంతరించుకొంటుంది. అయానుల ఆవేశ స్థితి, పుంజం నిలకడ, మరమ్మతు లేకుండా పనిచేసే కాలం కూడా ముఖ్యమైన లక్షణాలే.

చరిత్ర

1886లో జర్మన్ శాస్త్రవేత్త యూగెన్ గోల్డ్‌స్టెయిన్ ఉత్సర్గ నాళంలో రంధ్రాలు గల కాథోడును వాడి, దాని వెనుక వైపు వెలువడే కెనాల్ కిరణాలను కనుగొన్నాడు. ఇవి ధన అయానుల ప్రవాహమే. ఆ విధంగా కెనాల్ కిరణ నాళాన్ని మొదటి అయాను జనకంగా భావించవచ్చు. 1932లో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ కేంబ్రిడ్జిలో లిథియం కేంద్రకాన్ని ప్రోటానులతో ఛేదించినప్పుడు వారికి ప్రోటానులను ఇచ్చినది ఇటువంటి హైడ్రోజన్ ఉత్సర్గ నాళమే.

1931 జనవరిలో అమెరికాలోని బర్కిలీలో ఎర్నెస్ట్ లారెన్స్, అతని విద్యార్థి స్టాన్లీ లివింగ్‌స్టన్ నాలుగున్నర అంగుళాల వ్యాసం గల సైక్లోట్రానుతో హైడ్రోజన్ అయానులకు 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని ఇచ్చారు. అందులో విడిగా జనకమంటూ లేదు. గది మధ్యన వేడి ఫిలమెంటు నుండి వచ్చిన ఎలక్ట్రానులు, గదిలో పలుచగా ఉన్న హైడ్రోజనును అయనీకరించేవి. గది నిండా వాయువు ఉంటే త్వరితమైన అయానులు దానినే ఢీకొని నష్టపోతాయి. ఈ ఇబ్బందిని తొలగించడానికి వాయువును చిన్న నాళంలోనే ఉంచే జనకాన్ని లివింగ్‌స్టన్, హాలోవే, బేకర్ 1939లో వివరించారు.

హాలెండులోని ఫిలిప్స్ సంస్థలో పనిచేసిన పెన్నింగ్ 1930వ దశకంలో రూపొందించిన ఉత్సర్గ విధానం, 1950వ దశకంలో జర్మనీకి చెందిన మాన్‌ఫ్రెడ్ ఫాన్ ఆర్డెన్ రూపొందించిన డ్యుయోప్లాస్మట్రాన్, 1970వ దశకంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో రిచర్డ్ గెల్లర్ అభివృద్ధి చేసిన ఎలక్ట్రాన్ సైక్లోట్రాన్ అనునాద జనకం తరువాతి మైలురాళ్ళు. 1971లో రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో వదీం దుద్నికోవ్, ఉత్సర్గంలో కొద్దిగా సీసియం చేరిస్తే ఋణ హైడ్రోజన్ అయానుల ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరుగుతుందని కనుగొన్నాడు.

ముఖ్యమైన రకాలు

పెన్నింగ్ జనకం: ఒక చిన్న గొట్టానికి రెండు చివరల రెండు కాథోడులు, చుట్టూ ఆనోడు ఉంటాయి. అయస్కాంత క్షేత్రం గొట్టం పొడవునా ఉంటుంది. ఎలక్ట్రానులు రెండు కాథోడుల మధ్య ఇటూ అటూ ఊగుతూ వాయువును అయనీకరిస్తాయి. గొట్టం ప్రక్కనున్న సన్నని చీలిక నుండి అయానులను లాగుతారు. సైక్లోట్రాన్ మధ్యభాగంలో ఎట్లాగూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది కనుక ఈ జనకానికి వేరే అయస్కాంతం అక్కరలేదు. అందువల్లనే వైద్య సైక్లోట్రానులలో ఇది విరివిగా కనిపిస్తుంది. అయానులు కాథోడులను తాకి లోహాన్ని చిమ్మివేయడం వలన అవి క్రమంగా తరిగిపోవడం దీని లోపం.

డ్యుయోప్లాస్మట్రాన్: కాథోడు, ఆనోడుల మధ్య శంఖువు ఆకారపు ఇనుప ఎలక్ట్రోడును ఉంచి ప్లాస్మాను మొదట ఆకారంతోను, ఆపై బలమైన అయస్కాంత క్షేత్రంతోను రెండు మార్లు కుదిస్తారు. అందుచేత చిన్న రంధ్రం నుండి కూడా దట్టమైన పుంజం వస్తుంది.

మల్టీకస్ప్ జనకం: ప్లాస్మా గది గోడల వెలుపల శాశ్వత అయస్కాంతాలను ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని తరువాత ఒకటి వచ్చేటట్లు అమరుస్తారు. గోడల దగ్గర క్షేత్రం బలంగాను, మధ్యలో దాదాపు శూన్యంగాను ఉంటుంది. ప్లాస్మా విశాలంగా, నిశ్చలంగా ఉంటుంది. ఋణ హైడ్రోజన్ అయానులకు ఇది మిక్కిలి అనువైనది.

ఎలక్ట్రాన్ సైక్లోట్రాన్ అనునాద జనకం: ఇందులో ఫిలమెంటు గాని, కాథోడు గాని ఉండవు. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాను తిరిగే పౌనఃపున్యానికి సమానమైన సూక్ష్మతరంగాలను గదిలోకి పంపితే ఎలక్ట్రానులు వాటి నుండి శక్తిని గ్రహిస్తాయి. 2.45 గిగాహెర్ట్‌జ్ పౌనఃపున్యానికి 0.0875 టెస్లా క్షేత్రం, 14.5 గిగాహెర్ట్‌జ్‌కు సుమారు 0.52 టెస్లా క్షేత్రం కావాలి. అయానులు గదిలో ఎక్కువ సేపు నిలిచి ఒకదాని తరువాత ఒకటిగా అనేక ఎలక్ట్రానులను కోల్పోతాయి. అరిగిపోయే కాథోడు లేనందున ఇది దీర్ఘకాలం నిరాఘాటంగా పనిచేస్తుంది.

సీసియం చిమ్ముడు జనకం: సీసియం అయానులను ఘన పదార్థంపై పడవేసి, దాని పరమాణువులను ఋణ అయానులుగా వెలికి తెస్తారు. టాండెమ్ యంత్రాలలో దీనిని వాడతారు.

ఋణ హైడ్రోజన్ అయాను ప్రాముఖ్యం

ఒక ప్రోటాను, రెండు ఎలక్ట్రానులు గల ఋణ హైడ్రోజన్ అయానులో రెండవ ఎలక్ట్రాను కేవలం 0.75 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో బంధింపబడి ఉంటుంది. ఈ బలహీనతే దాని ఉపయోగానికి కారణం.

సైక్లోట్రానులో వృత్తాకారంగా తిరిగే పుంజాన్ని చివరకు వెలుపలికి తేవడం కష్టమైన పని. ధన ప్రోటానులైతే అధిక వోల్టేజి గల పలకల మధ్య నుండి మళ్ళించాలి. ఆ ప్రయత్నంలో కొంత పుంజం పలకలను తాకి వాటిని రేడియోధార్మికం చేస్తుంది. ఋణ అయానులైతే దారిలో అతి పలుచని కార్బన్ పొరను అడ్డుగా ఉంచితే చాలును. రెండు ఎలక్ట్రానులూ ఊడిపోయి అయాను ప్రోటానుగా మారుతుంది. ఆవేశం గుర్తు మారినందున అది ఎదురు దిశకు వంగి తనంతట తానే బయటకు వస్తుంది. నష్టం అత్యల్పం. యంత్రాన్ని తెరచి బాగుచేసే ఉద్యోగులకు సోకే రేడియేషన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఈ సౌకర్యానికి మూల్యం లేకపోలేదు. గదిలో మిగిలిన వాయువును తాకినా, చాలా బలమైన అయస్కాంత క్షేత్రంలో వేగంగా తిరిగినా ఆ ఎలక్ట్రాను ముందుగానే ఊడిపోతుంది. కెనడాలోని వాంకూవర్‌లో 1974లో పని ప్రారంభించిన ట్రయంఫ్ సైక్లోట్రాన్ ఋణ హైడ్రోజన్ అయానులకు సుమారు 500 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని ఇస్తుంది. ఎలక్ట్రాను ఊడకుండా క్షేత్రాన్ని తక్కువగా ఉంచవలసి వచ్చినందున దాని అయస్కాంతం 18 మీటర్ల వ్యాసం, సుమారు 4,000 టన్నుల బరువుతో నిర్మింపబడింది. జనకంలో ఏ అయానును ఎన్నుకొన్నారో దానిని బట్టి యంత్రం పరిమాణం మారుతుందని చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ.

వైద్య రంగంలో ఉపయోగాలు

ఐసోటోపుల తయారీ: కాన్సర్ నిర్ధారణకు వాడే పెట్ స్కానుకు ఫ్లోరిన్-18 ఐసోటోపు అవసరం. ఆక్సిజన్-18 అధికంగా గల నీటిపై ప్రోటాన్ పుంజాన్ని పడవేసి దానిని తయారుచేస్తారు. దీని అర్ధ జీవిత కాలం సుమారు 110 నిమిషాలు మాత్రమే. ఉదయం తయారైనది సాయంత్రానికి పనికిరాదు. నిలవ చేసుకొనే వీలు లేదు. అందువల్లనే పెద్ద నగరాలలో 11 నుండి 18 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల చిన్న సైక్లోట్రానులను నెలకొల్పుతారు. తెల్లవారుజామున జనకం పని చేయకపోతే ఆ రోజు స్కాను కోసం పరగడుపున వచ్చిన రోగులు వెనుదిరగవలసినదే.

ఇటువంటి యంత్రంలో లక్ష్యంపై పడే పుంజం 50 మైక్రో ఆంపియర్లు అనుకొంటే, సెకనుకు సుమారు 3.1 కోట్ల కోట్ల ప్రోటానులు కావాలి. పెన్నింగ్ జనకంలోకి నిమిషానికి 5 ఘన సెంటీమీటర్ల హైడ్రోజనును పంపితే, సెకనుకు సుమారు 45,000 కోట్ల కోట్ల పరమాణువులు లోనికి వెళుతున్నట్లు లెక్క. అనగా పదివేల పరమాణువులలో ఒకటి కూడా లక్ష్యాన్ని చేరడం లేదు. మిగిలిన వాయువును శూన్య పంపులు నిరంతరం తోడివేయాలి. లేకపోతే ఋణ అయానుల ఎలక్ట్రానులు దారిలోనే ఊడిపోతాయి. ఎక్కువ పుంజం కావలసిన 30 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల యంత్రాలలో మల్టీకస్ప్ జనకాన్ని సైక్లోట్రాన్ వెలుపల అమర్చి, అక్కడే వాయువును తోడివేసి, అయానులను మాత్రం లోనికి పంపడానికి కారణం ఇదే.

ప్రోటాన్ చికిత్స: ప్రోటానులు శరీరంలో నిర్ణీత లోతులో అత్యధిక శక్తిని విడిచి ఆగిపోతాయి. దీనివల్ల కణితి వెనుకనున్న అవయవాలకు హాని తగ్గుతుంది. మొదటి ప్రోటాన్ చికిత్స 1954లో బర్కిలీలో జరిగింది. యంత్రాన్ని చిన్నది చేయడానికి ఇటీవలి కాలంలో అతివాహక అయస్కాంతాలతో 9 టెస్లా వరకు క్షేత్రం గల సింక్రోసైక్లోట్రానులను నిర్మించారు. ఇక్కడ జనకానికి కఠిన పరీక్ష ఎదురవుతుంది. 10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ప్రోటాను 1.8 టెస్లా క్షేత్రంలో సుమారు 8 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో తిరుగుతుంది. 9 టెస్లా క్షేత్రంలో ఆ వ్యాసార్థం 1.6 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. ప్రోటాను మొదటి చుట్టు తిరిగి వచ్చేసరికి జనకం గోడకే తగిలే ప్రమాదం ఉన్నది. అందుచేత ఇటువంటి యంత్రాలలో పెన్నింగ్ జనకపు గొట్టం కొద్ది మిల్లీమీటర్ల వెడల్పునకు మించరాదు.

కార్బన్ చికిత్స: కార్బన్ అయానులతో చికిత్స కోసమే నిర్మించిన హైమాక్ యంత్రం జపానులోని చిబాలో 1994లో చికిత్సను ప్రారంభించింది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ కేంద్రం 2009లో మొదలయింది. కార్బన్ పరమాణువులో ఆరు ఎలక్ట్రానులుంటాయి. వాటిని ఒక్కొక్కటిగా తొలగించడానికి వరుసగా 11.3, 24.4, 47.9, 64.5, 392, 490 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. నాలుగవ ఎలక్ట్రాను తరువాత ఒక్కసారిగా ఆరు రెట్లు పెరగడం గమనించదగినది. మిగిలిన రెండు ఎలక్ట్రానులు కేంద్రకానికి దగ్గరి కక్ష్యలో ఉండడమే దీనికి కారణం. అందువలన జనకంలో నాలుగు ఎలక్ట్రానులనే తొలగించి, సరళ యంత్రంలో కొంత వేగం ఇచ్చిన తరువాత కార్బన్ పొర గుండా పంపి మిగిలిన రెండింటినీ తొలగిస్తారు.

ఇందులో మరొక సౌలభ్యం కూడా ఉన్నది. ఆరు ఎలక్ట్రానులూ కోల్పోయిన కార్బనుకు ద్రవ్యరాశి, ఆవేశాల నిష్పత్తి 2. హీలియం, నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలకు కూడా అంతే. కనుక జనకంలోనే ఆరింటినీ తొలగిస్తే, ఈ మలినాలను అయస్కాంతంతో వేరుచేయడం దుస్సాధ్యం. నాలుగు ఆవేశాల కార్బనుకు నిష్పత్తి 3. మూడు హైడ్రోజన్ పరమాణువులు కలిసి ఒక ఆవేశం గల అయానుకు కూడా నిష్పత్తి 3. అందుచేత ఒకే సరళ యంత్రంతో కార్బనును, ప్రోటానులను కూడా అందించవచ్చు. హైడెల్‌బర్గ్‌లోను, ఇటలీలోని పావియాలోను ఈ పద్ధతిని అనుసరించారు. అక్కడి అనునాద జనకాలు శాశ్వత అయస్కాంతాలతో పనిచేస్తాయి. క్షేత్రం కోసం పెద్ద విద్యుత్ చుట్టలు, వాటిని చల్లబరచే ఏర్పాట్లు అవసరం లేదు. 2010లో చికిత్స ప్రారంభించిన జపానులోని గున్మా విశ్వవిద్యాలయపు చిన్న యంత్రంలో కూడా ఇటువంటి 10 గిగాహెర్ట్‌జ్ జనకాన్నే వాడారు.

పరిశోధన రంగంలో ఉపయోగాలు

జెనీవా వద్దనున్న సెర్న్ ప్రయోగశాలలో లార్జ్ హాడ్రాన్ కొలైడరుకు 2018 వరకు ప్రోటానులను అందించినది లినాక్-2 మొదట్లో అమర్చిన డ్యుయోప్లాస్మట్రాన్. 2020 నుండి దాని స్థానంలో లినాక్-4 వచ్చింది. ఇందులో రేడియో తరంగాలతో పనిచేసే ఋణ హైడ్రోజన్ జనకం ఉన్నది. సీసపు అయానుల కోసం 14.5 గిగాహెర్ట్‌జ్ అనునాద జనకం వాడతారు. సీసపు పరమాణువులోని 82 ఎలక్ట్రానులలో 29ని జనకంలో తొలగించి, మిగిలినవాటిని తరువాతి దశలలో పొరల ద్వారా తొలగిస్తారు.

కొలైడరులో రెండు పుంజాలకు, ఒక్కొక్క పుంజంలో 2,808 గుచ్ఛాలకు, ఒక్కొక్క గుచ్ఛంలో 11,500 కోట్ల ప్రోటానులకు రూపకల్పన చేశారు. మొత్తం సుమారు 6.5 కోట్ల కోట్ల ప్రోటానులు. వాటి ద్రవ్యరాశి గ్రాములో సుమారు నూరు కోట్ల వంతు. పైన చెప్పిన వైద్య సైక్లోట్రాన్ రెండు సెకన్లలో వాడే ప్రోటానుల సంఖ్య కూడా ఇంచుమించు ఇంతే! 27 కిలోమీటర్ల యంత్రాన్ని నింపేటన్ని ప్రోటానులను, ఆసుపత్రిలోని చిన్న జనకం రెండు సెకన్లకొకసారి గంటల తరబడి ఇవ్వవలసి ఉంటుంది. కొలైడరు జనకానికి పుంజం నాణ్యత, నిలకడ ముఖ్యం. వైద్య జనకానికి రాశి, మన్నిక ముఖ్యం.

భారతదేశంలో అయాను జనకాలు

కలకత్తాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రంలో మొదటి పుంజం 1977లో లభించింది. మొదట పెన్నింగ్ జనకాన్ని, తరువాత అనునాద జనకాలను వాడారు. అదే కేంద్రం ఆధ్వర్యంలో 30 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల వైద్య సైక్లోట్రాన్ 2018లో పనిచేయనారంభించింది. దీనిలో వెలుపలి మల్టీకస్ప్ జనకం ఉన్నది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ కేంద్రంలో అధిక ఉష్ణోగ్రత అతివాహక తీగ చుట్టలతో 18 గిగాహెర్ట్‌జ్ అనునాద జనకాన్ని నెలకొల్పారు. చెన్నైలో 2019లో ప్రోటాన్ చికిత్స మొదలయింది.

హైదరాబాదులో భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన నేషనల్ సెంటర్ ఫర్ కంపోజిషనల్ క్యారెక్టరైజేషన్ ఆఫ్ మెటీరియల్స్ సంస్థలో 30 లక్షల వోల్టుల టాండెమ్ యంత్రం ఉన్నది. పదార్థాలలోని మూలకాలను అయాను పుంజాలతో విశ్లేషించడం దీని పని. టాండెమ్ యంత్రంలో జనకం ఋణ అయానులనే ఇవ్వాలి. అవి మధ్యనున్న ధన విద్యుదగ్రం వైపు ఆకర్షింపబడి, అక్కడ ఎలక్ట్రానులను కోల్పోయి ధన అయానులై, మరల వికర్షింపబడతాయి. ఒకే వోల్టేజి రెండుసార్లు పనిచేస్తుంది. మూడు ఆవేశాలు పొందిన కార్బన్ అయానుకు ఈ విధంగా మొత్తం 12 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి లభిస్తుంది. నైట్రోజన్ వంటి కొన్ని మూలకాలు స్థిరమైన ఋణ అయానులను ఏర్పరచవు కనుక వాటిని సంయోగ అణువుల రూపంలో పంపవలసి వస్తుంది.

నిర్వహణ, పరిమితులు

పెన్నింగ్ జనకంలో కాథోడులను, చీలిక గల గొట్టాన్ని నియమిత కాలంలో మార్చాలి. చీలిక అరిగి వెడల్పయితే వాయువు ఎక్కువగా కారి, శూన్యత చెడి, పుంజం తగ్గుతుంది. జనకం సైక్లోట్రాన్ నడిమధ్యన ఉంటే దానిని మార్చడానికి యంత్రాన్ని ఆపి, రేడియోధార్మికత తగ్గే వరకు వేచి ఉండాలి. వెలుపలి జనకానికి ఈ ఇబ్బంది లేదు గాని స్థలం, ఖర్చు పెరుగుతాయి. సీసియం వాడే జనకాలలో ఆ లోహం ఎలక్ట్రోడులపై పేరుకొని విద్యుత్ మెరుపులకు దారితీస్తుంది. ఋణ జనకాలలో అయానులతో పాటు ఎలక్ట్రానులు కూడా బయటకు వస్తాయి. వాటిని చిన్న అయస్కాంతాలతో ప్రక్కకు మళ్ళించాలి. అనునాద జనకాలలో వేడెక్కిన ఎలక్ట్రానుల వలన ఎక్స్-కిరణాలు పుడతాయి కనుక కవచం అవసరం.

చిన్నతనం, అధిక ప్రవాహం, దీర్ఘకాలపు మన్నిక ఈ మూడూ ఒకే జనకంలో పూర్తిగా సమకూరడం కష్టం. ఒకదానిని పెంచితే మరొకటి తగ్గుతుంది. ఏ పనికి ఏది ప్రధానమో నిర్ణయించుకొని జనకాన్ని ఎన్నుకోవడమే త్వరణ యంత్ర రూపకల్పనలో మొదటి మెట్టు.

ఇవి కూడా చూడండి

సైక్లోట్రాన్
ప్లాస్మా
అయనీకరణ శక్తి
ఐసోటోపు